సీప్యాప్ రిపోర్టు బ్రహ్మాండం, పగటి కునికిపాట్లు మాత్రం పోవట్లేదు

మబ్బుగువ్వ
అందరికీ నమస్తే. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) అని తేలి సీప్యాప్ (మాస్క్‌లోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా చూసే మెషీన్) మొదలుపెట్టి ఏడాది దాటింది. టెస్టులో ఏహెచ్ఐ, అంటే గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందనే లెక్క, 40 పైనే వచ్చింది, ఇప్పుడు మెషీన్ రోజూ పొద్దున్నే 2 లోపు చూపించి పక్కన నవ్వు మొహం బొమ్మ కూడా పెడుతోంది. గురక పోయింది, లేవగానే వచ్చే తలనొప్పి పోయింది, రాత్రి మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవడం కూడా పోయింది. పగటి నిద్ర మాత్రం అలాగే ఉంది. మధ్యాహ్నం మీటింగ్‌లో నోట్స్ రాసుకుంటుంటే మొదటి రెండు లైన్లు గుండ్రంగా ఉంటాయి, మూడోది కిందికి జారుతుంది, తర్వాత పెన్ను గీత గీసుకుంటూ పేజీ అంచుదాకా పోతుంది. ఆ గీత ఎప్పుడు గీశానో నాకే తెలీదు. డాక్టర్‌గారు రిపోర్టు చూసి "నంబర్లు పర్ఫెక్ట్, ఇంకేం కావాలి" అన్నారు. ఇంట్లోవాళ్లేమో రాత్రంతా ఫోన్ చూస్తున్నావేమో అంటున్నారు. ఇలా ఇంకెవరికైనా ఉందా, లేక నాకే బద్ధకం పట్టుకుందా?

పాతకాపు
బద్ధకం కాదు బాబూ, ఆ మాట ముందు తీసేయ్. నేను ఈ మెషీన్లు ఇప్పటికి మూడు మార్చాను, నీలాంటి పోస్టులు ఇక్కడ ఎన్ని చదివానో లెక్కలేదు. ఏహెచ్ఐ తగ్గింది అంటే ఊపిరి బాగైంది అని అర్థం, అంతవరకే. నిద్ర బాగైందా, మెలకువ బాగైందా అన్నది వేరే సంగతి. ఒకటి బాగుపడితే మిగతా రెండూ వాటంతటవే బాగుపడతాయని అందరూ అనుకుంటారు, చాలామందికి అలాగే అవుతుంది కూడా, కొందరికి మాత్రం అవదు.

ల్యాబ్‌దీపం
నేను స్లీప్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు, ముందే చెప్తున్నా.

ఏహెచ్ఐ అంటే గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. కానీ మెషీన్ ఈ లెక్క మాస్క్ మొహం మీద ఉన్నంతసేపే వేస్తుంది. మీరు మూడింటికి మాస్క్ పీకేసి ఆరున్నర దాకా అలాగే పడుకుంటే ఆ మూడున్నర గంటల్లో ఏం జరిగిందో దానికి తెలిసే దారే లేదు, పొద్దున్నే 2 అని చూపించి నవ్వు మొహం పెట్టేస్తుంది. పైగా మీరు నిజంగా నిద్రపోయారా లేక సీలింగ్ చూస్తూ పడుకున్నారా అన్నది కూడా దానికి పట్టదు, గాలి రాకపోకలు చూసి అంచనా వేస్తుందంతే. మెదడు తరంగాలు కొలిచే వైర్లు పెట్టేది మా ల్యాబ్‌లోనే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కలలొచ్చే దశ, అంటే రెమ్ నిద్ర, రాత్రి చివరి భాగంలోనే ఎక్కువ. ఆ దశలో గొంతు కండరాలు మరీ వదులైపోతాయి కాబట్టి చాలామందికి ఆప్నియా తెల్లవారుజామునే ఉధృతంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మాస్క్ ఊడిపోతే చికిత్స ఎక్కువ అవసరమైన గంటలే చేజారినట్టు. కాబట్టి ఏహెచ్ఐ సంగతి తర్వాత, ముందు మీరు రోజుకి ఎన్ని గంటలు వాడుతున్నారో చెప్పండి.

మబ్బుగువ్వ
యాప్‌లో చూశాను, సగటు ఐదు గంటల చిల్లర. పడుకునేటప్పుడు పెట్టుకుంటాను, పొద్దున లేచేసరికి మాస్క్ దిండు పక్కన ఉంటుంది. ఎప్పుడు తీశానో గుర్తుండదు. రోజుకి నాలుగు గంటలు దాటితే చాలు అన్నారు కదా అని నేను దీన్ని అసలు పట్టించుకోలేదు.

ముక్కుసూటి
ఇంకేం, దొరికింది దొంగ. ఐదు గంటలు మాస్క్‌తో, మిగతాది మాస్క్ లేకుండా. ఇక్కడ సగం పోస్టులు ఇవే, రాత్రి సరిగ్గా పడుకోరు, పగలు నిద్రొస్తోందని మందు అడుగుతారు. ముందు ఏడెనిమిది గంటలు మాస్క్ పెట్టుకుని పడుకోండి, అప్పటికీ తూగుతుంటే అప్పుడు వచ్చి అడగండి.

సన్నజాజి
ముక్కుసూటిగారూ, మీరు చెప్పింది చాలామందికి వర్తిస్తుంది, కాదనను. కానీ నేను రాత్రి మొత్తం మాస్క్‌తోనే పడుకునేదాన్ని, మాస్క్ పక్కనుంచి గాలి లీక్ లేదు, ఏహెచ్ఐ 1. అయినా పొద్దున పదింటికే కళ్లు మూతలు పడేవి. "సరిగ్గా పడుకో" అని చెప్పని మనిషి లేడు. నిద్రమత్తుతో ఉన్నవాళ్లకి ఈ సలహా వింటే ఒళ్లు మండుతుంది.

పాతకాపు
ఆ నాలుగు గంటల లెక్కతోనే వచ్చింది తంటా అంతా. రాత్రికి 4 గంటలు, నెలలో 70 శాతం రాత్రులు అనేది మెషీన్ వాడుతున్నారో లేదో తేల్చడానికి పెట్టుకున్న కనీస గీత. ఇన్సూరెన్సు వాళ్లకి అది పనికొస్తుంది, నీ మెదడుకి ఆ గీతతో పనేముంది? నాలుగు గంటలకి పాస్ మార్కులు వచ్చాయని మిగతా రాత్రి మాస్క్ లేకుండా పడుకుంటే ఎట్లా.

ల్యాబ్‌దీపం
పాతకాపుగారు సరిగ్గా చెప్పారు. దీని మీద 2007లో వచ్చిన ఒక పరిశోధన మా ఫీల్డ్‌లో అందరూ చెప్పుకుంటారు. వాడే గంటలు పెరిగేకొద్దీ పగటి నిద్ర ఎంత తగ్గుతుందో చూశారు. మనిషి తనకు తాను ప్రశ్నలకు జవాబిచ్చి మార్కులు వేసుకునే ఎప్‌వర్త్ స్కేల్‌లో మెరుగు 4 గంటల దాకా బాగా కనిపించింది. పగలు పడుకోబెట్టి ఎంత త్వరగా నిద్రపడుతుందో కొలిచే టెస్టులో 6 గంటల దాకా. రోజువారీ పనులు చురుగ్గా చేసుకోగలగడంలో అయితే 7.5 గంటల దాకా మెరుగు కనపడుతూనే వచ్చింది. అంటే నాలుగు గంటలకే "కాస్త నయం" అనిపించి మనిషి అక్కడే ఆగిపోతాడు, అసలు చురుకు వచ్చేది ఇంకా ముందు.

ఎప్‌వర్త్ తెలియనివాళ్ల కోసం: ఆస్ట్రేలియాలో డాక్టర్ ముర్రే జాన్స్ 1991లో తయారుచేసింది. చదువుతూ కూర్చున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ట్రాఫిక్‌లో కారు కాసేపు ఆగినప్పుడు, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంత అని 0 నుంచి 3 దాకా వేసుకోవాలి. మొత్తం 24కి 10 దాటితే పగటి నిద్ర ఎక్కువున్నట్టు. మబ్బుగువ్వగారూ, మీరూ ఒకసారి వేసుకోండి.

మబ్బుగువ్వ
వేసుకున్నా, 15 వచ్చింది. మరి తెలియకుండా మాస్క్ తీసేస్తుంటే ఆపేదెలా? నిద్రలో చేసే పనికి నేనేం చేయగలను?

పాతకాపు
నిద్రలో చేతులు ఊరికే మాస్క్ మీదికి పోవు, ఏదో ఇబ్బంది పెడితేనే పోతాయి. మెషీన్‌లో కార్డు ఉంటే తీసి కంప్యూటర్‌లో పెట్టు, ఆస్కార్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రాత్రంతా ఏం జరిగిందో నిమిష నిమిషం గీతల్లో చూపిస్తుంది. నా గ్రాఫ్ మొదటిసారి చూసినప్పుడు లీక్ గీత రెండింటి దాకా నేలబారుగా ఉంది, ఉన్నట్టుండి గోడలాగా పైకి లేచింది, ఓ ఇరవై నిమిషాలు అక్కడే పళ్లపళ్లుగా ఊగింది, తర్వాత ఖాళీ. ఆ ఖాళీయే మాస్క్ తీసేసిన చోటు. నోరు తెరుచుకుని గాలంతా బయటికి పోతోంది, గొంతు ఎండిపోతోంది, చెయ్యి వెళ్లి మాస్క్ లాగేస్తోంది. ముక్కు మాస్క్ తీసేసి ముక్కూ నోరూ రెండూ కప్పేది పెట్టించారు, గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫైయర్ కాస్త పెంచారు, సర్దుకుంది. నీకు ముక్కు దిబ్బడ ఉందేమో, ప్రెజర్ ఎక్కువైందేమో, కుషన్ అరిగిపోయిందేమో, గ్రాఫ్ చూస్తే కొంత తెలుస్తుంది. ప్రెజర్ మాత్రం నువ్వే మార్చేసుకోకు, గ్రాఫ్ పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించు. ఒట్టి నంబరు చూపిస్తే "పర్ఫెక్ట్" అంటారు, గీత చూపిస్తే మాట మారుతుంది.

సన్నజాజి
నా కథ కూడా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో. నాకు రెండు కారణాలు బయటపడ్డాయి, రెండూ ఆప్నియాతో సంబంధం లేనివి. ఒకటి కాళ్లు. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, కదిపితే గానీ ఊరుకోనట్టు ఉండేది. అలవాటే కదా అని ఎవరికీ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. రెస్ట్‌లెస్ లెగ్స్ అన్నారు. హిమోగ్లోబిన్ బాగానే ఉంది కానీ ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, చూస్తే బాగా తక్కువ. మామూలు ల్యాబ్ రిపోర్టులో నార్మల్ అని ఉన్నా ఈ జబ్బున్నవాళ్లకి 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి ఆలోచిస్తారట. ఐరన్ ఇచ్చాక నెమ్మదిగా కాళ్లు కుదుటపడ్డాయి.

రెండోది నేను రోజూ వేసుకునే ఎలర్జీ మాత్ర. పాత రకం యాంటీహిస్టమిన్, మత్తొచ్చేది. మాస్క్ వల్ల ముక్కు కారుతోందని అది వేసుకుంటున్నా, దాంతో పొద్దున్నే మత్తు! డాక్టర్ మత్తు తక్కువున్నది రాశారు. కాబట్టి మీరు వేసుకునే మందులన్నీ, దగ్గు సిరప్‌తో సహా, ఓ కాయితం మీద రాసి తీసుకెళ్లండి. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, ఆందోళనకిచ్చే క్లోనాజెపామ్ లాంటివన్నీ మత్తు తెప్పించేవే.

ముక్కుసూటి
థైరాయిడ్ కూడా చేర్చండి. దానికి ఓ రక్తపరీక్ష చాలు. రాత్రి మందు పుచ్చుకునే అలవాటు ఉంటే అదీ. ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు కానీ రాత్రి రెండు పెగ్గులు వేసి పొద్దున సీప్యాప్‌ని తిట్టేవాళ్లు నాకు తెలుసు.

నైట్‌డ్యూటీ
షిఫ్టుల వాళ్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదే. నేను వారం రాత్రి, వారం పగలు. పగలు ఏడు గంటలు మాస్క్‌తో పడుకున్నా ఒంటి గడియారం ఒప్పుకోదు, నిద్ర ముక్కలు ముక్కలుగా వస్తుంది. మా కంపెనీ డాక్టర్ దీన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు, ఇంకా ప్రెజర్ పెంచమన్నారు. స్లీప్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆప్నియా అదుపులోనే ఉంది, ఇది షిఫ్టు గొడవ అని తేల్చారు. మాస్క్ బిగించి షిఫ్టు గొడవ తీర్చలేం కదా.

ఇంతకీ ముఖ్యమైన మాట, మబ్బుగువ్వగారూ, మీరు బండి నడుపుతారా? 15 స్కోరుతో?

మబ్బుగువ్వ
నడుపుతాను. ఇంటినుంచి ఆఫీసుకి కాస్త దూరమే. కళ్లు మూతపడుతుంటే అద్దం దించుతా, పాటలు గట్టిగా పెడతా.

నైట్‌డ్యూటీ
అద్దం దించడం, పాటలు పెట్టడం, చెంపల మీద కొట్టుకోవడం, ఇవేవీ పనిచేయవు సార్. కాసేపు పనిచేసినట్టు ఉంటుంది, అదే మోసం. రెండు మూడు సెకన్ల కునుకు వచ్చినట్టు కూడా తెలీదు, గంటకి 80 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే 66 మీటర్ల పైనే కళ్లు మూసుకుని వెళ్లినట్టు. పనిచేసేవి రెండే, బండి పక్కకి ఆపి పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీయడం, పడుకునేముందు ఓ కాఫీ తాగితే లేచేసరికి అది ఎక్కడం మొదలవుతుంది. అదీ ఆ రోజుకి గట్టెక్కడానికే. ఇది తేలేదాకా వేరేవాళ్లతో నడిపించుకోండి, దయచేసి.

మోడరేటర్
డ్రైవింగ్ మాట అందరూ గమనించండి. కొన్ని దేశాల్లో నిద్రమత్తు అదుపులో లేకపోతే లైసెన్సు అధికారులకి చెప్పాలనే రూల్ కూడా ఉంది, మీ దగ్గర ఎలా ఉందో కనుక్కోండి. మందుల పేర్లు చర్చించుకోవచ్చు, ఎవరూ ఎవరికీ డోసులు చెప్పొద్దు.

చింతచిగురు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇదే గొడవ అనుకునేదాన్ని. కానీ నాకు నిద్ర రాదు, అలసటగా ఉంటుంది. మధ్యాహ్నం పడుకుంటే నిద్ర పట్టదు, లేస్తే ఓపిక ఉండదు. ఇదీ అదే కోవలోకి వస్తుందా?

ల్యాబ్‌దీపం
మంచి ప్రశ్న, ఇక్కడే చాలామంది కలగాపులగం చేస్తారు. చీకటి గదిలో పడుకోగానే నిమిషాల్లో నిద్రలోకి జారిపోతే అది నిద్రమత్తు. పడుకున్నా నిద్ర పట్టక ఒళ్లు మాత్రం బరువుగా ఉంటే అది అలసట, దాని కారణాలు వేరే వైపు వెతకాలి. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్, నిద్రలేమి. ఆప్నియా ఉన్నవాళ్లలో డిప్రెషన్ తక్కువేమీ కాదు, దేని మీదా మనసు లేకపోవడం, ఏడుపు రావడం లాంటివి ఉంటే అది కూడా డాక్టర్‌తో చెప్పండి, దాచుకునే విషయం కాదు.

ఇక సన్నజాజిగారు అన్న పాయింట్. గంటలు సరిపోతున్నాయి, లీక్ లేదు, మందులు లేవు, కాళ్లు బాగున్నాయి, థైరాయిడ్ బాగుంది, అయినా నిద్రొస్తోంది. ఇలాంటివాళ్లు నిజంగా ఉన్నారు. ఫ్రాన్స్‌లో 2009లో వచ్చిన అధ్యయనంలో సీప్యాప్ బాగా వాడుతున్నవాళ్లలో 12 శాతం మందికి ఎప్‌వర్త్ ఇంకా 10 పైనే ఉంది. వాళ్లలో రెస్ట్‌లెస్ లెగ్స్, డిప్రెషన్, నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) ఉన్నవాళ్లని తీసేస్తే 6 శాతం మిగిలారు. అంటే సగం మందికి వేరే కారణం దొరికింది, మిగతా సగానికి ఆ కారణాలేవీ లేవు. ఆ మిగిలిన సగం గురించే ముక్కుసూటిగారితో మా గొడవ.

ఎందుకలా అంటే, ఏళ్లతరబడి రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతూ లేస్తూ ఉండటం వల్ల మెలకువను నిలబెట్టే నాడీకణాలు దెబ్బతింటాయేమో అన్నది ఒక ఆలోచన. ఎలుకలకి అలా ఆక్సిజన్ తగ్గిస్తూ పెంచుతూ చూసినప్పుడు ఆ కణాలకి నష్టం జరిగింది, తర్వాత మామూలు గాలిలో ఉంచినా పూర్తిగా కోలుకోలేదు. మనుషుల్లో ఇంత సూటిగా తేలలేదు.

ముక్కుసూటి
సరే, ఆ 6 శాతానికి నేను అడ్డు చెప్పను. నా బాధల్లా ప్రతివాడూ నేను ఆ 6 శాతంలోవాణ్నే అనుకోవడం.

సన్నజాజి
అది తేల్చేది టెస్టులు, మీరు కాదు కదా అండీ 🙂

చింతచిగురు
మరి ఆ మిగిలినవాళ్లకి మందులేవైనా ఉన్నాయా? మొడాఫినిల్ అని ఎక్కడో చదివాను.

ల్యాబ్‌దీపం
ఉంది. అమెరికాలో 1998లో నార్కోలెప్సీకి ఒప్పుకున్నారు, సీప్యాప్ వాడినా మిగిలిపోయే నిద్రమత్తుకి 2004లో చేర్చారు. యూరప్‌లో మాత్రం చర్మం మీద వచ్చే తీవ్రమైన రియాక్షన్లు, మానసిక ఇబ్బందులు చూసి 2010 తర్వాత నార్కోలెప్సీకి మాత్రమే పరిమితం చేశారు. ఒకే మందు, రెండు చోట్ల రెండు తీర్పులు. తర్వాత మెలకువగా ఉంచే ఇంకో మందు సోల్రియాంఫెటాల్‌కి అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది, అది బీపీ, గుండెవేగం పెంచుతుంది, అసలే బీపీ ఉన్న ఆప్నియా వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. అలాంటిదే పిటోలిసాంట్ అనే మందుకి యూరప్‌లో 2021లో ఆప్నియా నిద్రమత్తుకి అనుమతి ఇచ్చారు.

వీటిలో ఏదీ గొంతుని తెరిచి ఉంచదు. మాత్ర వేసుకున్నాక చురుగ్గా ఉందని మాస్క్ పక్కన పడేసేవాళ్లున్నారు, మెలకువగా తిరుగుతున్నారంతే, రాత్రి ఊపిరి ఆగుతూనే ఉంటుంది. సోల్రియాంఫెటాల్ మొదలుపెట్టేముందు కనీసం నెలరోజులు ఆప్నియాకి సరైన చికిత్స జరిగి ఉండాలని దాని సమాచారపత్రంలోనే రాసి ఉంటుంది.

సన్నజాజి
ఆడవాళ్లకి ఒక మాట. మొడాఫినిల్ వాడుతుంటే గర్భనిరోధక మాత్రలు సరిగ్గా పనిచేయవు, ఆపేశాక కూడా ఓ నెల దాకా. నాకు ఈ సంగతి మందుల షాపులో అమ్మాయి చెప్పింది, రాసినవాళ్లు చెప్పలేదు. అడిగి తెలుసుకోండి.

పాతకాపు
బరువు తగ్గితే ఇవన్నీ తప్పుతాయి కదా అని ఎవరో ఒకరు అంటారు, వాళ్లకంటే ముందే నేను అనేస్తున్నా. బరువు తగ్గితే ఆప్నియా తగ్గుతుంది, నిజమే. 2024 డిసెంబరులో టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్‌ని ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్లకి అమెరికాలో ఒప్పుకున్నారు కూడా. కానీ సన్నగా ఉన్నవాళ్లకీ ఆప్నియా వస్తుంది, దవడ చిన్నదైతే చాలు. మా తమ్ముడు పుల్లలా ఉంటాడు, వాడి గురక వీధిచివరకి వినపడుతుంది.

మబ్బుగువ్వ
కొన్ని వారాలుగా రాయలేదు, ఇప్పుడు సంగతులు చెప్తాను. గ్రాఫ్ చూస్తే పాతకాపుగారు చెప్పినట్టే తెల్లవారుజామున లీక్ ఎగబాకుతోంది. మాస్క్ సైజు మార్చారు, ముక్కు దిబ్బడకి స్ప్రే ఇచ్చారు. ఇప్పుడు వారంలో చాలా రాత్రులు ఏడు గంటల దగ్గరికి వస్తోంది. ఫెరిటిన్, థైరాయిడ్ రెండూ చూశారు, ఏమీ లేదు. ఎప్‌వర్త్ 15 నుంచి 12కి వచ్చింది. పొద్దుటి పూట బాగుంది, మధ్యాహ్నం ఇంకా తూగుతున్నా, పెన్ను ఇంకా జారుతోంది. ఈసారి వేరే డాక్టర్‌ని కలిశాను, రాత్రి మాస్క్‌తో స్లీప్ స్టడీ, మర్నాడు పగలంతా ఎమ్ఎస్ఎల్‌టీ అన్నారు. అదేంటో, ఎలా ఉంటుందో కాస్త చెప్తారా ల్యాబ్‌దీపంగారూ?

ల్యాబ్‌దీపం
15 నుంచి 12 అంటే మంచి మార్పే. ఏడు గంటలు స్థిరపడ్డాక ఇంకొన్ని వారాలు తగ్గుతూ పోవచ్చు కూడా. ఎమ్ఎస్ఎల్‌టీలో రెండేసి గంటల తేడాతో ఐదుసార్లు చీకటి గదిలో పడుకోబెడతాం, ప్రతిసారీ 20 నిమిషాలు టైమిస్తాం, సగటున 8 నిమిషాల్లోపే నిద్ర పడుతుంటే మత్తు ఎక్కువున్నట్టు. పడుకోగానే రెమ్‌లోకి దూకుతున్నారా అనేది కూడా చూస్తాం, రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు అలా జరిగితే నార్కోలెప్సీ అనుమానం వస్తుంది. నవ్వినప్పుడు మోకాళ్లు వదులైనట్టు ఎప్పుడైనా అనిపించిందా? అదీ ఆ జబ్బు గుర్తే, ఉంటే తప్పక చెప్పండి.

టెస్టుకి ముందు రెండు వారాలు ఏ టైమ్‌కి పడుకున్నారు, ఏ టైమ్‌కి లేచారు అని డైరీ రాయమంటారు, కొందరికి చేతికి వాచీలాంటిది కట్టి పంపిస్తారు. ఆ రెండు వారాలు నిద్ర తగ్గించుకుని వస్తే టెస్టు చెడిపోతుంది. డిప్రెషన్ మందులు కొన్ని రెమ్‌ని అణిచేస్తాయి కాబట్టి అలాంటివి వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

మబ్బుగువ్వ
అలాంటి మందులేం లేవు, నవ్వితే మోకాళ్లకేం కాదు. ఆ రోజు కాఫీ తాగొచ్చా?

ల్యాబ్‌దీపం
కుదరదు. టెస్టుకీ టెస్టుకీ మధ్య పడుకోవడం కూడా కుదరదు, మంచం దిగి మేలుకుని ఉండాలి. అందరూ మమ్మల్ని తిట్టుకునేది అక్కడే. చదువుకోవడానికి ఏదైనా తెచ్చుకోండి, మరీ బోరు కొట్టేది వద్దు.

నైట్‌డ్యూటీ
కాఫీ లేకుండా రోజంతా లాగాక సాయంత్రం ఇంటికి బండి ఎవరు నడుపుతారు?

మబ్బుగువ్వ
మా తమ్ముడు వస్తున్నాడు సార్, బండి తాళాలు ఇప్పుడు వాడి దగ్గరే ఉన్నాయి.